అద్దాల పెట్టెలో పాము: ఒక కోరిక చరిత్ర

1796లో లండనులో, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల ఆదేశం మీద ఒక పెద్ద పుస్తకం అచ్చయింది. కోరమాండల్ తీరంలో సేకరించిన పాములను వర్ణించే ఆ గ్రంథంలో రంగులద్దిన చిత్రఫలకాలు ఉన్నాయి. వాటి వివరణల్లో, రోమన్ లిపిలో కొంత వంకరపోయినా, తెలుగువారు ఇట్టే పోల్చుకోగల పేర్లున్నాయి: కాటుక రేకుల పొడ, బంగారు పాము, పెద్దపొడ. గ్రంథకర్త పాట్రిక్ రస్సెల్ స్కాట్లండుకు చెందిన వైద్యుడు. ఆయన పాములను సేకరించిన ముఖ్యస్థలం విశాఖపట్నం.

అరుదైన పామునొకదాన్ని ఇంట్లో పెంచుకోవాలని చిన్ననాటి నుంచి కలగనేవారు ఇవాళ అమెరికాలో, ఐరోపాలో చాలామంది ఉన్నారు. వారి కలకు ఆ పాత పుస్తకంతో సంబంధం ఉంది. వారు కోరే పాము పేరు, దాని ఆహారం, దానికి కావలసిన వేడిమి, అది పిల్లలను కనే తీరు, ఇవన్నీ పామును ప్రాణంతో దగ్గర ఉంచుకొని చూసినవారి వల్లనే లోకానికి తెలిశాయి. అదే కోరిక కొన్ని జాతులను వాటి సొంత నేల మీదనే కరువు చేసింది కూడా. జ్ఞానమూ నష్టమూ ఒకే చోట నుంచి పుట్టినప్పుడు, వాటిని విడదీసేదేమిటన్న ప్రశ్న మిగులుతుంది. ఈ చరిత్రను చూడవలసింది ఆ ప్రశ్న కోసమే.

విశాఖపట్నం పేర్లు

రస్సెల్ అంతకుముందు చాలాకాలం సిరియాలోని అలెప్పో నగరంలో వైద్యుడిగా ఉన్నాడు. అక్కడి ప్లేగు అనుభవం మీద ఆయన రాసిన గ్రంథం 1791లో వెలువడింది. 1781లో తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు విశాఖపట్నంలో కంపెనీ పాలనాధికారిగా ఉద్యోగం వచ్చినప్పుడు అతని వెంట ఇక్కడికి వచ్చాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ మరణించగా ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. 1789 ఆరంభంలో ఆయన దేశం విడిచి వెళ్ళాక అదే పదవిలోకి వచ్చినవాడు, సామర్లకోట తోటల వల్ల తెలుగువారికి పరిచితుడైన విలియం రాక్స్‌బర్గ్.

వైద్యుడైన రస్సెల్‌ను కలవరపెట్టినది పాముకాటు. ఏది విషపామో, ఏది కాదో చూడగానే చెప్పగల గుర్తు దొరికితే చాలా ప్రాణాలు నిలుస్తాయని ఆయన ఆశించాడు. అటువంటి సులభమైన బాహ్యచిహ్నం లేదని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇక కోరలను పరీక్షించడం, విషప్రభావాన్ని కోళ్ళ మీద, కుక్కల మీద చూడడం మొదలుపెట్టాడు. ఆనాడు పేరుమోసిన తంజావూరు మాత్రను కూడా పరీక్షకు పెట్టాడు. అందులో పాషాణం ఒక ముఖ్యద్రవ్యం. ఈ పనులకు చచ్చిన పాము పనికిరాదు, ప్రాణంతో ఉన్నది కావాలి. అటువంటి పాములను పట్టి తేగలిగినవారు స్థానికులే. పాముతో పాటు వారు దాని పేరు కూడా తెచ్చారు.

ఆ పేర్లు ఊరికే పెట్టినవి కావు. పొడ అంటే మచ్చ. కాటుక రంగు అంచుతో రేకుల్లా వరసగా పరచుకున్న మచ్చలు గలది కాటుక రేకుల పొడ. ఇవాళ మనం రక్తపింజర అంటున్న పాము అదే. 1797లో జార్జ్ షా దానికి రస్సెల్ పేరు కలిపి శాస్త్రీయనామం పెట్టాడు. నేటికీ అది డబోయా రస్సెలీ. పసుపు, నలుపు పట్టెల పామును ఇక్కడివారు బంగారు పాము అన్నారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ 1803లో కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టినప్పుడు రస్సెల్ రాసుకున్న ఆ తెలుగుమాటనే తీసుకున్నాడు. ప్రపంచంలో ఏ మూల కట్లపాము గురించి శాస్త్రవ్యాసం రాసినా, రాసినవారికి తెలిసినా తెలియకపోయినా, అందులో ఒక తెలుగు పదం ఉంటుంది.

రస్సెల్ గ్రంథానికి అనుబంధంగా 1801 నుంచి మరొక సంపుటం భాగాలుగా వెలువడింది. అందులో తరంగంబాడి నుంచి వచ్చిన ఒక పాము ఉంది. లావుపాటి ఒళ్ళు, మొద్దుగా ముగిసే తోక, విషం లేనిది. తరంగంబాడిలో పనిచేసిన క్రైస్తవ ప్రచారకుడు, జీవజాతుల సేకర్త అయిన క్రిస్టోఫ్ సామ్యూల్ జాన్ పేరు మీద రస్సెల్ దానికి బోవా జానై అని పేరు పెట్టాడు. తరువాత అది ఎరిక్స్ జానై అయింది. మన ఊళ్ళలో దాని పేరు రెండు తలల పాము. ఈ కథలో దానికి చివర మళ్ళీ చోటు ఉంది.

పాములను చేరదీసిన రస్సెల్‌కు వాటి మీద మక్కువ ఉన్నదో లేదో గాని, వాటిని పెంచుకోవాలన్న ఉద్దేశం లేదు. తెలుగునాట కూడా ఆ ఆచారం లేదు. నాగులచవితినాడు పుట్టకు వెళ్ళి పాలు పోస్తారు. పామును మాత్రం ఇంటికి తెచ్చుకోరు. పాములవాడి బుట్టలో ఉన్న పాము కూడా వీధి దాకా వచ్చేదే, గడప దాటేది కాదు. దండం పెట్టడానికి కూడా మధ్య కొంత ఎడం ఉండాలన్నది ఇక్కడి పద్ధతి. ఆ ఎడాన్ని అద్దం పలకంత పలుచన చేసింది పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా.

అద్దం వెనుక

లండన్ జంతుప్రదర్శనశాల 1849లో సరీసృపాల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు తెరిచింది. ప్రజలు చూడడానికి అటువంటిది నెలకొల్పడం ప్రపంచంలో అదే మొదలు. మూడేళ్ళకే, 1852 అక్టోబరులో, రాత్రంతా తాగి పనికి వచ్చిన ఒక సంరక్షకుడు నాగుపామును చేతిలోకి తీసుకొని ఆడించబోయాడు. అది ముఖం మీద కరిచింది, అతడు మరణించాడు. పాము పెంపకంలో ప్రమాదం ఎక్కువగా పాము వైపు నుంచి కాక మనిషి వైపు నుంచే వస్తుందని చెప్పే తొలి ఉదాహరణల్లో అది ఒకటి.

అదే కాలంలో పెంపకం వల్ల మాత్రమే తెలియగల సంగతులు కూడా బయటపడ్డాయి. 1841లో పారిస్ జంతుశాలలో ఒక ఆడ కొండచిలువ గుడ్లు పెట్టి వాటిని చుట్టుకొని పడుకుంది. పాము శీతరక్త జీవి, దాని ఒంటివేడి పరిసరాలను బట్టి మారుతుందని అందరూ నమ్మే రోజులవి. వలాంసియెన్ అనే శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకం పెట్టి చూస్తే ఆ చుట్టల మధ్య వేడి చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువగా ఉంది. ఆ మాటను చాలామంది ఒప్పుకోలేదు. కండరాలను పదేపదే బిగించి కొండచిలువ ఆ వేడిని పుట్టిస్తుందని 1966లో న్యూయార్కులో జరిగిన ప్రయోగం నిర్ధారించింది. అడవిలో ఈ దృశ్యం ఎవరి కంటా పడకుండా వేల ఏళ్ళు గడిచింది. బోనులో ఉన్న ఒక్క తల్లిపాము దాన్ని చూపింది.

చూడాలన్న కోరికను ఒక జీవితమంతా మోసిన మనిషి జోన్ బోషాం ప్రాక్టర్. 1897లో లండనులో పుట్టింది. పదేళ్ళ వయసుకే పాములను, బల్లులను పెంచేది. ఒక పెద్ద బల్లిని ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళేది. భోజనాల బల్ల దగ్గర కూడా అది పక్కన ఉండవలసిందే. పదహారేళ్ళకు ఒక చిన్న మొసలిని సంపాదించింది. దాన్ని బడికి, గణితం తరగతిలోకి తీసుకుపోయి ఉపాధ్యాయులను హడలగొట్టిన సంగతి ఆమె జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. పేగులకు సంబంధించిన దీర్ఘవ్యాధి వల్ల ఆమె కేంబ్రిడ్జికి వెళ్ళి చదువుకోలేకపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో సరీసృపాల విభాగాన్ని చూస్తున్న జార్జ్ బులెంజర్ ఆమె ఆసక్తిని గమనించి 1916లో సహాయకురాలిగా పిలిచాడు. 1920లో ఆయన విరమించాక ఆ విభాగం ఆమె చేతికి వచ్చింది. 1923లో లండన్ జంతుశాలలో సరీసృపాల క్యురేటర్ అయింది. అప్పటికి ఆమెకు విశ్వవిద్యాలయ పట్టా లేదు.

ఆమె రూపకల్పన చేసిన కొత్త సరీసృపాల భవనం 1927లో తెరుచుకుంది. సందర్శకులు నడిచే చోటు మసకగా, పాములుండే గదులు వెలుతురుగా ఉంటాయి. దానివల్ల అద్దంలో చూసేవారి ముఖం ప్రతిఫలించదు, పాము స్పష్టంగా కనిపిస్తుంది. గదిలో ఒక మూల వేడి, మరొక మూల చల్లన ఉండేటట్టు విద్యుత్తుతో ఏర్పాటు చేశారు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను సాధారణ గాజు ఆపేస్తుంది కాబట్టి, వాటిని లోపలికి పోనిచ్చే ప్రత్యేకమైన గాజు వాడారు. ఇవాళ ఏ దేశంలోనైనా పాము పెంచేవారికి మొదట చెప్పే పాఠం, పెట్టె అంతటా ఒకే వేడి ఉండరాదు, ఎక్కడ ఉండాలో పాము తానే ఎంచుకోవాలి అన్నది. ఆ సూత్రమే ఆ భవనానికి పునాది. చిన్నప్పుడు బల్లిని పక్కన కూర్చోబెట్టుకున్న పిల్ల పెద్దయ్యాక అడిగిన ప్రశ్న మారింది. నా దగ్గర ఏ ప్రాణి ఉంది అన్న చోట, ఈ ప్రాణికి ఏమి కావాలి అన్నది వచ్చింది.

ఇండొనేషియా దీవుల నుంచి కొమోడో ఉడుములు వచ్చినప్పుడు అవి మనుషులను చీల్చివేసే రాకాసులని పత్రికలు రాశాయి. ప్రాక్టర్ వాటిలో ఒకదాన్ని, సుంబావా అనే దాన్ని, ఎంతగా మచ్చిక చేసిందంటే 1928లో శాస్త్రసభలో అది ఆమె చేతి నుంచి తిన్నది. ఆరోగ్యం పూర్తిగా క్షీణించిన చివరి రోజుల్లో ఆమె చక్రాల కుర్చీలో జంతుశాల అంతా తిరుగుతుంటే అది పక్కనే నడిచేది. 1931లో, ముప్పై నాలుగేళ్ళకు ఆమె కన్నుమూసింది. అదే ఏడు షికాగో విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

మయామి నుంచి మద్రాసుకు

అట్లాంటిక్‌కు అవతల అదే కోరిక మరో రూపం తీసుకుంది. 1910లో న్యూజెర్సీలో పుట్టిన బిల్ హాస్ట్ చిన్నతనం నుంచీ పాములు పట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాల్లో ఇంజనీరుగా పనిచేస్తూ విదేశాల నుంచి పాములు తెచ్చుకొనేవాడు. 1947 నాటికి మయామి దగ్గర సర్పెంటేరియం తెరిచాడు. డబ్బిచ్చి వచ్చినవారి ముందు నాగుపాముల విషం తీయడం అక్కడి ఆకర్షణ. ఆ విషం పరిశోధనకు, విరుగుడు తయారీకి వెళ్ళేది. 1948 నుంచి ఆయన తన ఒంట్లోకి కొద్దికొద్దిగా విషం ఎక్కించుకున్నాడు. జీవితంలో 170కి పైగా కాట్లు తిని, 2011లో నూరేళ్ళు నిండాక మరణించాడు. ఈ దీర్ఘాయువును చూసి ఎవరైనా ధైర్యం తెచ్చుకుంటే పొరపాటు. ఆ పద్ధతి మరొకరికి పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. కాట్ల వల్ల ఆయన చేతులు వంకరపోయాయి.

1960లలో హాస్ట్ దగ్గర పనిచేసిన యువకుల్లో రోమ్యులస్ విటేకర్ ఒకడు. 1943లో న్యూయార్కులో పుట్టాడు. పసితనంలో అతడు పామును పట్టి ఇంటికి తెస్తే తల్లి తిట్టలేదు, పాముల గురించి చదవడానికి పుస్తకం కొనిచ్చింది. ఆమె తరువాత రామా చట్టోపాధ్యాయను పెళ్ళాడింది. రామా తండ్రి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాదులో పుట్టిన కవి, సరోజినీ నాయుడికి తమ్ముడు. తల్లి కమలాదేవి చట్టోపాధ్యాయ. అలా ఆ కుర్రవాడు 1951లో ఇండియాకు వచ్చాడు. కొడైకెనాల్ బడి వసతిగృహంలో మంచం కింద పెట్టెలో కొండచిలువను పెంచాడు. అమెరికాలో హాస్ట్ దగ్గర పని, తరువాత సైన్యంలో ఉద్యోగం అయ్యాక 1967లో మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. అతని చేత మొదలైన పాముల పార్కు 1970ల ఆరంభంలో మద్రాసు గిండీలో స్థిరపడింది.

మద్రాసు చుట్టుపక్కల ఇరుళర్లు తరతరాలుగా పాములు పట్టడంలో ఆరితేరినవారు. పాము జాడను మట్టి మీద చదవగల ఆ నేర్పు అప్పటికి తోలు వ్యాపారానికి ఊడిగం చేస్తున్నది. లక్షల కొద్దీ పాముల చర్మాలు విదేశాలకు వెళ్ళేవి, చేతిసంచులు, చెప్పులు అయ్యేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాముతోళ్ళ ఎగుమతి ఆగింది. పాములకు ప్రాణం దక్కింది, ఇరుళర్లకు జీవనం పోయింది. విటేకర్ తోడ్పాటుతో వారు 1978లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు జాతులను అనుమతితో పట్టి, కుండల్లో మూడు నాలుగు వారాలు ఉంచుతారు. ఆ కాలంలో కొన్ని సార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి, తిరిగి వదిలేస్తారు. దేశంలో విరుగుడు మందు తయారీకి వెళ్ళే విషంలో అధికభాగం దశాబ్దాలుగా అక్కడి నుంచే వస్తున్నది.

ఆ మందు విలువ తెలియాలంటే ఒక లెక్క చాలు. 2000 నుంచి 2019 వరకు ఇండియాలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58,000 మంది అని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. విశాఖపట్నంలో రస్సెల్‌ను వేధించిన ప్రశ్న ఇంకా తీరలేదు.

అరుదు తయారయ్యే తీరు

ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో పాము పెంపకం శాస్త్రజ్ఞుల చేతి నుంచి సామాన్య కుటుంబాల గదుల్లోకి వచ్చింది. వేడిదీపాలు, ఉష్ణనియంత్రకాలు, గడ్డకట్టించిన ఎలుకలు అంగట్లో దొరకడం మొదలైంది. ప్రాక్టర్ ఒక భవనంలో సాధించినది ఇప్పుడు చిన్న అద్దాల పెట్టెలో సాధ్యం. ఇందులో మంచి లేకపోలేదు. పెంపకంలో పుట్టిన పాము అడవి నుంచి పట్టుకు వచ్చినదాని కంటే సాధారణంగా ఆరోగ్యంగా ఉంటుంది. అడవి జోలికి పోనక్కర లేదు. మొక్కజొన్న పాము వంటి జాతుల్లో తరాల తరబడి పెంపకంలోనే పుట్టినవి దొరుకుతాయి. ఎందరో పిల్లలకు పాము మీద ఏవగింపు పోయి కుతూహలం కలగడానికి ఇవి కారణం.

అయితే కలలోని పాము సాధారణంగా మామూలు పాము కాదు, అరుదైనది. అరుదు రెండు విధాలుగా వస్తుంది. ఒకటి తయారుచేసుకొన్నది. పశ్చిమాఫ్రికా బాల్ పైథాన్ అరుదైన జాతి కాదు. 1992లో అమెరికాలో పెంపకంలో పుట్టిన తెల్ల రంగు బాల్ పైథాన్లు వేల డాలర్లు పలికాయి. అక్కడి నుంచి కొత్త రంగుల వేట మొదలై, వందల రకాలు వచ్చాయి. ప్రతి కొత్తదీ మొదట అపురూపం, కొన్నేళ్ళకు చవక సరుకు. సాలీడు పేరుతో పిలిచే ఒక రకంలో, ఆ రంగును తెచ్చే జన్యువు వెంటే తల నిలకడ తప్పే నాడీలోపం కూడా వస్తుంది. రంగు కోరినవారు ఆ వణుకును కూడా పెంచారు.

రెండోది ప్రకృతిలో నిజంగా ఉన్న అరుదు. అక్కడ కోరికకు, దొంగరవాణాకు మధ్య దూరం చాలా తక్కువ. మలేషియాకు చెందిన ఆన్సన్ వాంగ్ అరుదైన సరీసృపాల దొంగవ్యాపారంలో ప్రపంచమంతటా పేరుపడ్డవాడు. అమెరికా అధికారుల ఉచ్చులో పడి 1998లో మెక్సికోలో పట్టుబడ్డాడు; 2001లో అమెరికా న్యాయస్థానం 71 నెలల శిక్ష విధించింది. 2010లో కౌలాలంపూర్ విమానాశ్రయంలో అతని సామాను పెట్టె తెగింది. అందులో 95 బోవా పాములున్నాయి. పెట్టె తెగకపోతే అవి ఎక్కడికో చేరి, ఎవరి చిరకాల స్వప్నాన్నో నెరవేర్చేవే. కొన్నవాడు వాటి ప్రయాణం గురించి అడిగి ఉండేవాడా అన్నది వేరే మాట.

పెంచినవారు వద్దనుకున్నప్పుడు ఏమవుతుందో ఫ్లోరిడా చూసింది. 1996 నుంచి 2006 వరకు అమెరికాకు సుమారు 99,000 బర్మా కొండచిలువలు దిగుమతి అయ్యాయి. కొన్నప్పుడు చేతిలో ఇమిడే పిల్ల, కొన్నేళ్ళకు పది పదిహేను అడుగులవుతుంది. తప్పించుకున్నవి, వదిలేసినవి కలిసి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో స్థిరపడ్డాయి. అక్కడ రాత్రివేళ రోడ్ల మీద కనిపించే జంతువుల లెక్కను పూర్వపు లెక్కతో పోల్చి 2012లో ప్రచురించారు. రకూన్లు 99.3 శాతం, అపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్‌లు 87.5 శాతం తగ్గాయి. అదే ఏడు అమెరికా ప్రభుత్వం ఈ కొండచిలువను హానికర జాతుల పట్టికలో చేర్చింది. 2012లోనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఇదే పామును ముప్పున్న జాతిగా గుర్తించింది, ఎందుకంటే ఆగ్నేయాసియాలోని దాని సొంత అడవుల్లో తోలు కోసం, మాంసం కోసం, పెంపకపు వ్యాపారం కోసం పట్టిపట్టి అది తగ్గిపోయింది. పుట్టినచోట కరువై, చేరినచోట పీడ అయిన ఇటువంటి ప్రాణులు చాలా తక్కువ.

రెండు తలల పాము

ఇక తరంగంబాడి నుంచి వచ్చిన ఆ మొద్దుతోక పాము సంగతి. రెండు తలల పాము ఎండిన నేలల్లో, మెత్తని మట్టిలో, చేల గట్ల కింద ఉంటుంది. మూడడుగుల లోపు పాము. పగలు మట్టిలో దూరి, రాత్రి ఎలుకల కోసం బయటికి వస్తుంది. గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. భయపడితే తలను చుట్టల కింద దాచి, తల లాంటి తోకను పైకెత్తుతుంది. శత్రువు తోకను కరిస్తే ప్రాణం నిలుస్తుంది. రెండు తలలన్న పేరుకు ఆధారం ఇంతే. పాములవాళ్ళు కొందరు ఆ తోక మీద వాతలు పెట్టి కళ్ళు, నోరు ఉన్నట్టు చేసి చూపేవారు. శత్రువును మోసగించడానికి ప్రకృతి ఇచ్చిన తోక ఆ విధంగా మనిషి మోసానికి పనిముట్టయింది.

ఆ మోసం ఇవాళ చాలా పెద్దదైంది. ఈ పాము ఇంట్లో ఉంటే సిరి కలుగుతుందని, దీనితో అసాధ్య రోగాలకు మందు చేస్తారని, ఇంత బరువుంటే ఇన్ని లక్షలు, అంతకు మించితే కోట్లు పలుకుతుందని ప్రచారం. బరువు పెంచడానికి పాములకు బలవంతంగా తినిపించిన ఉదంతాలు, లోహపు గుళ్ళు మింగించిన ఉదంతాలు బయటపడ్డాయి. ఈ పాముకు ఏ మందుగుణమూ ఉన్నట్టు ఆధారం లేదు. దేశంలో 2016 నుంచి 2021 వరకు దీని అక్రమ వ్యాపారానికి సంబంధించి 172 పట్టివేతలు వార్తలకెక్కినట్టు ఒక నివేదిక లెక్కగట్టింది. పట్టుబడిన ముఠాల వార్తలు తెలుగు పత్రికల్లో తరచు వస్తూనే ఉంటాయి. కొనేవాడు మోసపోతాడు, అమ్మేవాడు జైలుకు పోతాడు. రైతు పొలంలో ఎలుకలను తినిపెట్టే పాము మాత్రం తిరిగిరాదు.

ఇదే జాతి అమెరికాలో, ఐరోపాలో పెంపుడు పాముగా అద్దాల పెట్టెల్లో ఉంది. అక్కడ పెంపకంలో పుట్టిన పిల్లలు అంగట్లో దొరుకుతాయి. సాధువు, చిన్నది, తక్కువ చోటు చాలు కాబట్టి కొత్తవారికి అనువైనదని పేరు. ఒక నేల మీద దాని విలువ అబద్ధపు కోట్లలో ఉంది, మరొక నేల మీద ఒక మామూలు పెంపుడు జంతువు ధర. పాములో తేడా లేదు. దాని గురించి తెలుసుకున్నవారికి, వదంతి విన్నవారికి మధ్య ఉన్న తేడా అది.

చట్టం గీసిన గీత

ఇవాళ ఇండియాలో దేశీయ పామును దేనినీ ఇంట్లో పెంచుకోవడానికి చట్టం ఒప్పదు. 1972 చట్టం పట్టడాన్ని, ఉంచుకోవడాన్ని, అమ్మడాన్ని నిషేధిస్తుంది. రెండు తలల పాము అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అనుమతిపత్రం లేకుండా ఏ సరిహద్దూ దాటరాదు. అమెరికాలో 1900 నాటి లేసీ చట్టం, తరువాతి సవరణలతో, మరో దేశపు చట్టాన్ని ఉల్లంఘించి పట్టిన ప్రాణిని దిగుమతి చేయడాన్ని, అమ్మడాన్ని నేరంగా చూస్తుంది. అంటే కడపలోనో మహబూబ్‌నగర్‌లోనో తప్పు అయినది డల్లాస్‌లోనూ తప్పే. ఆ దేశంలో రాష్ట్రానికొక పద్ధతి. హవాయి అసలు ఏ పామునూ పెంచనివ్వదు. బ్రిటనులో విషపాముకు 1976 నాటి ప్రమాదకర వన్యప్రాణుల చట్టం కింద అనుమతి కావాలి. ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2016లో ప్రమాదకర జంతువులను సొంతానికి ఉంచుకోవడాన్ని నిషేధించింది.

అయినా చట్టం చెప్పగలిగేది ఏది చేయరాదు అన్నంత వరకే. కోరికను ఏమి చేసుకోవాలో అది చెప్పదు. అందుకు ఈ చరిత్రలో కొన్ని నమూనాలున్నాయి. ప్రాక్టర్ ఆ కోరికను వృత్తిగా, విద్యగా మలుచుకుంది. విటేకర్ మంచం కింద కొండచిలువతో మొదలై, రాచనాగుల మీద పరిశోధనకు 2005లో కర్ణాటకలోని ఆగుంబెలో కేంద్రం నెలకొల్పే దాకా వచ్చాడు. అక్కడ రాచనాగును చూడాలంటే దాని అడవికి వెళ్ళాలి, దాని వెంట దూరంగా నడవాలి. చిన్నప్పుడు పామును తన గదికి తెచ్చుకున్నవాడు పెద్దయ్యాక తానే పాము ఉన్నచోటికి వెళ్ళాడు.

ఇరుళర్ సంఘం కుండ మరింత సూటిగా మాట్లాడుతుంది. అందులో పాము ఉంటుంది, కాని ఎవరి సొత్తూ కాదు. దాని మీద పేరు ఉండదు, తేదీ ఉంటుంది. ఆ తేదీ రాగానే మూత తీస్తారు. రెండువందల ముప్పై ఏళ్ళ క్రితం విశాఖపట్నంలో రస్సెల్ చేతికి పామును, దాని తెలుగు పేరును అందించినవారి పేర్లు ఏ పుస్తకమూ ప్రముఖంగా నిలపలేదు. వారికి తెలిసినది కూడా ఈ పనే: పట్టడం, గుర్తించడం, పేరుపెట్టి పిలవడం. ఆ విద్యలో ఉంచుకోవడం ఒక చిన్న భాగం మాత్రమే. కలగనే వారికి ఆ మిగతా భాగం ఇప్పటికీ తెరిచే ఉంది. దానికి అనుమతిపత్రం అక్కరలేదు, అద్దాల పెట్టె కూడా అక్కరలేదు.